ధనుర్మాసం నుంచి మాఘం దాకా: ఆడపిల్లల చదువు కోసం పనిచేసే మహిళా సంఘానికి సంక్రాంతి సెలవుల మార్గదర్శి

పండుగ సెలవులంటే సంఘం పనికి కూడా సెలవే అనుకోవడం మనకు అలవాటు. విజయనగరం పట్టణంలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ ఆడపిల్లల చదువు కోసం పనిచేసే ఒక చిన్న సంఘంలో కొన్నేళ్లు గడిపిన మీదట నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకంగా తయారైంది. ఏడాదిలో ఒక్క నెలే పనిచేసే వీలుంటే, ఆ నెల డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా ఉండాలంటాను. కారణం పంచాంగంలోనే ఉంది. ధనుర్మాసంలోనూ పుష్యంలోనూ పెళ్లి ముహూర్తాలు పెట్టుకోరు. మాఘం రాగానే అవి మొదలవుతాయి. హైదరాబాదుకూ చెన్నైకీ విశాఖపట్నానికీ పనులకు వలస వెళ్లిన తండ్రులు, అన్నలు, మేనమామలు అందరూ ఒక్కసారిగా ఊళ్లో కనిపించేది సంక్రాంతి నాలుగు రోజులే. కాబట్టి సంబంధం మాట నడిచేదీ, "గుంటకి ఇంకెన్నాళ్లు సదువు" అన్న ప్రశ్న నలుగురి మధ్యకు వచ్చేదీ ఆ నాలుగు రోజుల్లోనే. మాఘం సాధారణంగా జనవరి నెలాఖరు, ఫిబ్రవరుల్లో పడుతుంది. ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి చివరనో మార్చిలోనో, పదో తరగతి పరీక్షలు మార్చిలోనూ ఉంటాయి. అంటే అరిసెలు వండుతున్న ఇంట్లో వంటగది గుమ్మం దగ్గర ఖాయమైన మాట, పరీక్షకు నెల ముందు పిల్ల చేతిలోని పుస్తకాన్ని మూయించగలదు.

పది నుంచి ఇరవై మంది సభ్యులతో, పెద్ద నిధులేవీ లేకుండా, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో నడిచే సంఘాలను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శి రాశాను. చీపురుపల్లిలోనైనా, రాజాంలోనైనా, ఆమదాలవలసలోనైనా, పలాసలోనైనా పని వరుస దాదాపు ఇదే.

నవంబరు చివరి వారం: సమావేశం, పనుల ఎంపిక

మొదటి సమావేశం నవంబరు దాటకముందే జరగాలి. డిసెంబరు రెండో వారం తరువాత ఇల్లు దులపడం, పిండి కొట్టించడం, పిల్లల బట్టలు కుట్టించడం మొదలై ఏ సభ్యురాలికీ ఊపిరాడదు. సమావేశంలో పెట్టుకోవలసిన నియమం ఒక్కటే: డబ్బు సేకరించే పని ఒకటి, జనాన్ని కూడగట్టే పనులు రెండు, ఆడపిల్లల ఇళ్లకు వెళ్లే పని ఒకటి, అంతకు మించి వద్దు. కింద రాసినవన్నీ ఒకే ఏడాది చేయాలని కాదు, వాటిలోంచి ఎంచుకోండి. మేము మొదటి ఏడాది ఏడు కార్యక్రమాలు వేసుకున్నాం. మైకు అద్దెలు, షామియానా, బహుమతుల హడావిడిలో పడి, మా వీధి చివరనే ఉన్న పదో తరగతి అమ్మాయికి పెళ్లి కుదిరిన సంగతి శుభలేఖ చేతికి వచ్చేదాకా తెలుసుకోలేకపోయాం. ఆ ఏడాది ముగ్గుల పోటీ మాత్రం చాలా బాగా జరిగిందని అందరూ అన్నారు.

తీసుకున్న నిర్ణయాలను తీర్మానాల పుస్తకంలో రాసి, వచ్చిన వారందరి సంతకాలూ పెట్టించండి. ఒక్కో పనికి ఇద్దరిని బాధ్యులుగా పెట్టండి. పండుగ రోజుల్లో ఒకరి ఇంట జ్వరమో చుట్టాలో తప్పవు కాబట్టి రెండో మనిషి లేకపోతే పని ఆగిపోతుంది. సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవాలనుకునే వారు ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ఈ పండుగ పనికి రిజిస్ట్రేషన్ అడ్డంకి కాదు. రసీదు పుస్తకం, ఇద్దరి పేర్ల మీద ఉమ్మడి బ్యాంకు ఖాతా ఉంటే మొదలుపెట్టడానికి చాలు.

డిసెంబరు మొదటి పక్షం: పేర్ల పుస్తకం

ఏ ఉపన్యాసానికైనా ముందు లెక్క ఉండాలి. ఈ మాట మన ఊరికి కొత్త కాదు. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' మొదటి ముద్రణకు 1897లో రాసిన ముందుమాటలో ఒక జాబితా ప్రస్తావన ఉంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కపు పెళ్లిళ్లను విజయనగరం మహారాజావారు లెక్క కట్టించగా 1034 తేలాయనీ, అందులో 99 మంది ఆడపిల్లలకు పెళ్లినాటికి వయసు 5 ఏళ్లేననీ, అంతకంటే చిన్నవాళ్లు కూడా ఉన్నారనీ ఆయన అక్కడ రాశారు. "అక్కడక్కడా జరుగుతోంది" అంటే ఎవరూ పట్టించుకోరు. సంఖ్య ఎదురుగా పెడితే తప్పించుకోలేరు. మూడు లాంతర్ల కూడలి నుంచి కోట వైపు నడిచే దారిలో గురజాడ ఇంటి మీదుగా వెళ్లే మనం, ఆయన నాటకాన్ని గుర్తుపెట్టుకున్నంతగా ఆ జాబితాను గుర్తుపెట్టుకోలేదు.

మీ లెక్క వేలలో ఉండనక్కరలేదు. ఒక ఊరినో, పట్టణంలో ఒక వార్డునో తీసుకోండి. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు వయసున్న ప్రతి ఆడపిల్లకూ ఒక పేజీ కేటాయించండి: పేరు, పుట్టిన తేదీ, చదువుతున్న బడి లేదా కాలేజీ, హాస్టల్లో ఉంటే హాస్టలు, చదువు మానేసి ఉంటే ఏ తరగతిలో ఎందుకు మానేసింది, ఇంట్లో నిర్ణయం ఎవరిది, ఆ మనిషి ఊళ్లో ఉంటారా, పండుగకు వస్తారా. ఈ చివరి రెండు గడులూ మొదట్లో మేము పెట్టుకోలేదు. తల్లితో మూడు సార్లు మాట్లాడి, ఆమెను ఒప్పించామని సంతోషించి, చెన్నైలో ఉన్న తండ్రి భోగి నాడు దిగి ఒక్క మాటతో అంతా తిప్పేసిన తరువాత ఆ గడులు చేర్చుకున్నాం.

సమాచారం నాలుగు చోట్ల దొరుకుతుంది. బడి ప్రధానోపాధ్యాయుల దగ్గర హాజరు తెలుస్తుంది. నెల రోజులుగా రాని పిల్ల పేరు మొదట కనిపించేది అక్కడే. అంగన్‌వాడీ టీచరుకూ ఆశా కార్యకర్తకూ ఇంటింటి సంగతీ తెలుసు. డ్వాక్రా సంఘాల పుస్తకాలు చూసే వీవోఏకు ఏ ఇంట్లో అప్పు ఒత్తిడి పెరిగిందో తెలుసు. గ్రామ, వార్డు సచివాలయంలో పనిచేసే మహిళా పోలీసు నాలుగో మనిషి. వీరెవరినీ జాబితా ఇమ్మని అడగకండి. వారికి అది ఇబ్బంది. మీ పుస్తకం మీరు రాసుకుని, సందేహం ఉన్న చోట మాత్రమే ఒక్కో పేరు గురించి అడగండి.

ఇక్కడ ఒక కట్టడి తప్పనిసరి. ఈ పుస్తకం ఇద్దరి దగ్గర తప్ప మూడో మనిషి చేతికి వెళ్లకూడదు. ఫోనులో ఫొటో తీయకూడదు, వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. "ఫలానా వారి అమ్మాయి చదువు మానేసిందట, ఎందుకో" అనే ఒక్క వాక్యం ఊళ్లో తిరిగితే, దాని ఖరీదు కట్టేది ఆ అమ్మాయే.

డిసెంబరు: డబ్బు సంగతి

మన జిల్లాల్లో పండుగ నాడు డబ్బు తేలిగ్గా పుట్టేది పిండివంటల మీద. ఇంట్లో చేసుకునే ఓపిక తగ్గిన ఉద్యోగుల ఇళ్లు, విశాఖలో స్థిరపడి పండుగకు మూట కట్టుకుపోయే బంధువులు కొనేవాళ్లలో ఎక్కువ. అరిసెలు, పోకుండలు, జంతికలు ఈ మూడే చేయండి; రకాలు పెరిగితే సరుకు మిగిలిపోతుంది. డిసెంబరు 20 నాటికే ఆర్డర్లు తీసుకుని, సగం సొమ్ము ముందే వసూలు చేసి, ఆర్డరు ఉన్నంతే వండండి.

అరిసెలకు బియ్యం ముందు రోజు రాత్రి నానబెట్టి, నీళ్లు వార్చి, తడి ఆరకముందే పిండి కొట్టించాలి. మిల్లువాడితో ముందే మాట్లాడుకోకపోతే పండుగ వారంలో వరుసలో మధ్యాహ్నం దాటిపోయి పిండి పొడిబారుతుంది, అరిసె విరుగుతుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో దాకా బెల్లం లెక్క వేసుకోండి. ఖర్చు రాసేటప్పుడు బియ్యం, బెల్లం, నూనె, నువ్వులు, మిల్లు కూలి, గ్యాసు, డబ్బాలు అన్నీ రాసి, వాటి కింద ఒక వరుస వదిలి "వండినవారి కూలి" అని రాయండి. చాలా సంఘాలు ఈ వరుసే రాయవు. సమానత్వం కోసం పనిచేస్తున్నామని చెప్పుకుంటూ, నాలుగు రోజులు పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ల పనికి విలువ కట్టకుండా, మిగిలిందంతా లాభమని చూపడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. రోజు కూలి లెక్క కట్టి ఇవ్వండి. తీసుకోను అన్నవారు ఆ సొమ్మును తమ పేరుతో చందాగా రాయించుకుని రసీదు పుచ్చుకోవచ్చు. అప్పుడు అది దానమవుతుంది, వెట్టి కాదు.

ఏటా అమ్మేటట్లయితే ఆహార భద్రతా ప్రాధికార సంస్థ దగ్గర చిన్న వ్యాపారులకు ఉండే రిజిస్ట్రేషన్ తీసుకోండి. రుసుము ఏడాదికి 100 రూపాయలు. డబ్బా మీద ఏం వాడారో, ఏ రోజు వండారో రాసి అతికించండి.

వచ్చిన సొమ్మును దేనికి వాడతారో కూడా అమ్మకానికి ముందే తేల్చుకోవాలి. పట్టుచీర కట్టిన ముఖ్య అతిథి చేతుల మీదుగా పది మంది పిల్లలకు తలా ఒక చెక్కు ఇచ్చి ఫొటో దిగడం కంటే, ముగ్గురికి ఏడాది పొడుగునా బస్సు పాసు, నోటు పుస్తకాలు, పరీక్ష ఫీజు చూసుకోవడం మేలని మేము నేర్చుకున్నాం. సాయం పొందిన పిల్లల ఫొటోలు ఎక్కడా వేయకండి. వాళ్లు రేపు అదే బడిలో అదే బెంచీ మీద కూర్చోవాలి.

క్రిస్మస్, జనవరి 3

పండుగ కాలం మనకు సంక్రాంతితో మొదలవదు. సంఘంలో క్రైస్తవ సభ్యులుంటే, ఉండాలి కూడా, డిసెంబరు 25కు ముందు వచ్చే ఆదివారాల్లో ఒకటి చూసి, ప్రార్థన ముగిశాక చర్చి ఆవరణలోనే తల్లులతో ఓ పావుగంట మాట్లాడటానికి సంఘ పెద్దల అనుమతి తీసుకోండి. సంక్రాంతి పేరంటానికి రానివారిని కలిసే చోటు అది. ఆ రోజు మాట్లాడేది కూడా ఆ చర్చికి వచ్చే సభ్యురాలే అయితే బాగుంటుంది.

జనవరి 3 సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు. ఆమె 1831లో పుట్టారు, 1848లో పుణేలో ఆడపిల్లల కోసం మొదలైన బడిలో పాఠాలు చెప్పారు. సెలవులు ఇవ్వకముందు వచ్చే రోజు కాబట్టి బడిలోనే జరుపుకోవచ్చు. ఉపన్యాసం వద్దు. బడికి వెళ్లే దారిలో ఆమె మీద పేడ, మట్టి విసిరేవారన్న సంగతి చెప్పి, "మీ దారిలో ఏముంది?" అని ఒక్క ప్రశ్న కాగితం మీద రాయించండి, పేర్లు లేకుండా. ఆటోలో కుక్కి తీసుకుపోవడం, మలుపు దగ్గర కూర్చునే కుర్రాళ్లు, తాళం వేసి ఉండే మరుగుదొడ్డి ఇలా వచ్చిన జవాబులు మీ ఏడాది పనిని మీకు చూపిస్తాయి.

సెలవుల వారం: చదువు గది

సెలవులు ఇచ్చాక కస్తూర్బా విద్యాలయాలూ సంక్షేమ హాస్టళ్లూ ఖాళీ అవుతాయి. పదో తరగతి పిల్ల ఇంటికి చేరుతుంది. కొడుకైతే పుస్తకం పట్టుకుని మేడ మీదికి పోతాడు. కూతురికి మాత్రం ఇల్లు కడగడం, పిండి జల్లించడం, తమ్ముళ్లను చూడటం, చుట్టాలకు టీలు పెట్టడం సిద్ధంగా ఉంటాయి. పరీక్షలకు రెండు నెలల ముందు పది రోజులు ఇలా పోతాయి. దానికి విరుగుడు చదువు గది.

వేళను మీరు నిర్ణయించకండి, పిల్లలను అడగండి. మేము మొదట ఉదయం 6 నుంచి 8 అనుకున్నాం. ధనుర్మాసంలో ఆ వేళ ప్రతి ఆడపిల్లా కళ్లాపి చల్లి ముగ్గు వేస్తూ ఉంటుందన్న సంగతి, ముగ్గు వేస్తూ పెరిగిన మాకే తట్టలేదు. మధ్యాహ్నం 2 నుంచి నాలుగున్నర వరకు కుదిరింది. అన్నాలు అయ్యాక, రాత్రి వంట మొదలవక ముందు ఉండే ఖాళీ అది. బడి తాళం దొరకకపోతే డ్వాక్రా భవనమో, అంగన్‌వాడీ గదో, సామాజిక భవనమో చూసుకోండి. పండుగకు ఇంటికి వచ్చిన డిగ్రీ, ఇంజినీరింగు విద్యార్థినులను లెక్కలకూ సైన్సుకూ ఇంగ్లీషుకూ కూర్చోబెట్టండి. వారికీ చిన్న గౌరవ వేతనం ఇవ్వండి. పాత ప్రశ్నపత్రాల జిరాక్సులు, చాపలు, మంచినీళ్లు ఉంటే గది సిద్ధమైనట్టే. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ మూసేయండి. తల్లి దగ్గరికి వెళ్లి "రెండున్నర గంటలు మాకు అప్పగించండమ్మా" అని అడిగే పని మాత్రం సభ్యురాలే స్వయంగా చేయాలి. పిల్లచేత అడిగిస్తే పని జరగదు.

పేరంటం: ఎవరిని పిలుస్తాం, ఎలా పిలుస్తాం

బొమ్మల కొలువు పెట్టి పేరంటం చేయడం సంక్రాంతికి మనకున్న అందమైన ఆచారం. ఆడవాళ్లు భర్త అనుమతి అడగకుండా గడప దాటి రెండు గంటలు ఒకచోట కూర్చోగలిగే సందర్భం కూడా అదే. అందుకే దీన్ని వదులుకోవద్దంటాను. కానీ బొట్టు పెట్టి పిలిచే పద్ధతిలోనే ఒక గీత ఉంది. భర్త పోయినామె గుమ్మం ముందు కుంకుమ భరిణె ఆగదు. మొగుడు వదిలేసినామె గుమ్మం దగ్గర కాస్త తడబడుతుంది. వేరే వాడ వరకు అసలు పోనే పోదు.

దీన్ని మార్చడానికి మేము చేసింది చిన్న పని. బొట్టుకు బదులు చేతిలో నువ్వుండ పెట్టి పిలవడం మొదలుపెట్టాం. నువ్వులూ బెల్లమూ సంక్రాంతివే. ఎవరి చేతిలో పెట్టినా ఎవరికీ అభ్యంతరం ఉండదు. వితంతువులనూ, పెళ్లికానివారినీ, దళితవాడలోని వారినీ, ముస్లిం, క్రైస్తవ స్త్రీలనూ అదే మాటతో, అదే నువ్వుండతో పిలవవచ్చు. మొదటి ఏడాది ఇద్దరు ముగ్గురు పెద్ద ముత్తైదువలు అలిగి రాలేదు. వారితో వాదించకుండా, మరుసటి ఏడాది కొలువులో దీపం వెలిగించమని అందరికంటే పెద్దావిడను, పదహారేళ్లుగా ఏ పేరంటానికీ వెళ్లని ఒక మామ్మగారిని, ముందే కోరాం. అలిగినవారిలో ఒకరు ఆమె చెయ్యి పట్టుకుని మెట్టు ఎక్కించారు. ఆ తరువాత ఎవరం ఏమీ మాట్లాడలేదు, మాట్లాడవలసిన అవసరమూ రాలేదు.

పేరంటం వేదికగా పది నిమిషాలు ఒక్క విషయం చెప్పండి. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు ఎక్కువగా ఉండే రోజు కాబట్టి ఆస్తి హక్కు గురించి చెప్పడం మంచిది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అప్పటికే పెళ్లైనవారికి వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, 2005లో ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కరలేదనీ సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. ఇంత చెప్పి ఆపండి. పసుపు-కుంకుమల కింద ఇచ్చేశాం కదా అన్న మాట వస్తుంది; ఆ మాట మీద చర్చను వాళ్లకే వదిలేయండి, మీరు తీర్పరులు కాకండి. తాంబూలంతో పాటు చిన్న నోటు పుస్తకం, పెన్ను ఇవ్వండి. జాకెట్టు ముక్కకంటే ఖరీదు తక్కువ, పనికొచ్చేదీ అదే.

ముగ్గుల పోటీ

పెట్టకపోతే సంఘం ఏమీ చేయలేదంటారు, పెడితే మిగతాదంతా మింగేస్తుంది. ఒక పూటకు మించనివ్వకండి. దాతల ప్రసంగాలు బహుమతులు ఇచ్చేటప్పుడు రెండు నిమిషాలకు కుదించండి. తల్లీకూతుళ్ల జంటలకు ఒక విభాగం, అన్నాచెల్లెళ్ల జంటలకు మరో విభాగం పెట్టి చూడండి. చుక్కలు కలపడం రాక అన్నయ్యలు పడే పాట్లు చూడటానికి వచ్చే జనమే ఎక్కువ. పేర్లు నమోదు చేసుకునేటప్పుడు పిల్ల చదువుతున్న తరగతి కూడా రాయించుకుంటే, మీ పేర్ల పుస్తకంలో జారిపోయినవారు దొరుకుతారు. ఈ పోటీతో మాకు కలిగిన నిజమైన లాభం అదే.

కనుమ మర్నాడు: పండుగకు వచ్చిన అక్కలతో

కనుమ నాడు ప్రయాణాలు చేయకూడదన్న నమ్మకం వల్ల పండుగకు వచ్చినవారు ముక్కనుమ దాకా ఊళ్లోనే ఉంటారు. ఆ రోజు మధ్యాహ్నం ఊరి నుంచి చదువుకుని వెళ్లిన అమ్మాయిలను, అంటే నర్సునో, కానిస్టేబుల్‌నో, బ్యాంకు ఉద్యోగినినో, సాఫ్ట్‌వేరులో చేసే అమ్మాయినో, ఇంకా చదువుతున్న వారినో, ఎనిమిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలతో కూర్చోబెట్టండి. వేదికా మైకూ వద్దు. చాపలు పరిచి, ఒక్కో అక్క చుట్టూ ఆరుగురు పిల్లలు. ఇరవై నిమిషాలకొకసారి అక్కలు చాప మారతారు.

వచ్చే అక్కలకు ముందే ఒక మాట చెప్పాలి: విజయగాథ చెప్పవద్దు, లెక్కలు చెప్పండి. హాస్టలుకు నెలకు ఎంతయింది, ఉపకార వేతనం ఏ నెలలో పడింది, ఇంట్లో ఎవరు వద్దన్నారు, ఎవరు నిలబడ్డారు, మొదటిసారి తప్పిన సబ్జెక్టు ఏది. పిల్లలు తెలుసుకోవాలనుకునేవి ఇవే. పదో తరగతి తరువాత ఇంటర్ ఒక్కటే దారి కాదని కూడా అక్కడే తెలియాలి. పాలిటెక్నిక్‌కు పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఎచ్చెర్ల దగ్గరున్న ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీద వస్తుంది. మధ్యలో మానేసినవారు 14 ఏళ్లు నిండితే సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా పదో తరగతి, పది పాసై 15 ఏళ్లు నిండితే ఇంటర్ రాయవచ్చు. పెళ్లయి పుట్టింటికి వచ్చిన పందొమ్మిదేళ్ల అమ్మాయి ఈ చివరి మాట దగ్గర ఆగి రెండోసారి అడగడం మేము ప్రతి ఏడాదీ చూస్తున్నాం. ఆమె కోసం ఒక ఫారం చేతిలో ఉంచుకోండి.

ఆ రోజు టీ, పకోడీ మగపిల్లలచేత చేయించండి. ఇది అలంకారానికి చెప్పడం లేదు. లేకపోతే సభకు వచ్చిన ఆడపిల్లల్లో నలుగురు వంటగదిలోనే ఉండిపోతారు.

పెళ్లి మాట వినిపించిన ఇంటికి వెళ్లడం

ఈ సెలవుల పనుల్లో అన్నిటికంటే కష్టమైనదీ, పైనున్న పనులన్నీ ఏ పని కోసమో ఆ పనీ ఇదే. పద్దెనిమిది నిండని పిల్లకు సంబంధం చూస్తున్నారని తెలిస్తే పండుగ రోజున వెళ్లకండి. చుట్టాల ముందు పరువు మాట వచ్చాక ఏ తండ్రీ వెనక్కి తగ్గడు. వీలైతే భోగికి ముందు, కాకపోతే ముక్కనుమ తరువాత, ఇద్దరే వెళ్లండి. ఇద్దరిలో ఒకరు ఆ ఇంటికి వరసైనవారో, ఇరుగుపొరుగువారో అయి ఉండాలి. అత్తా, వదినా, అప్పా అని పిలిచే చనువు లేని మనిషికి ఆ గుమ్మం దగ్గర మంచినీళ్లు దొరుకుతాయి గాని మాట దొరకదు.

మొదట తల్లితో, తరువాత తండ్రితో మాట్లాడండి. చట్టంతో మొదలుపెట్టకండి, ఎందుకు తొందరపడుతున్నారో వినండి. మేము విన్న కారణాలు తిరిగి తిరిగి ఇవే. వలస పోతే ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర వదిలిపెట్టాలి అన్న భయం. దీనికి జవాబు హాస్టలు సీటు, అది చూపించగలిగితే చాలా ఇళ్లలో పెళ్లి మాట ఆగుతుంది. కస్తూర్బా విద్యాలయాలు ఇప్పుడు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉన్నాయి. పిల్ల ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోందన్న అనుమానం. ఇక్కడ పిల్లతో విడిగా మాట్లాడాలి, తల్లిదండ్రుల ముందు ఆ ప్రస్తావన ఎత్తకూడదు. ముసలి నాయనమ్మ కళ్లతో చూసిపోవాలన్న కోరిక. అన్నిటికంటే గట్టిది మేనరికం: మేనమామ పండుగకు వచ్చి అడిగితే కాదనడం తోబుట్టువును తెంచుకోవడంతో సమానమని తల్లి అనుకుంటుంది.

మేనరికం ఇంట్లో "చేయొద్దు" అనకండి, "ఇప్పుడు వద్దు" అనండి. డిగ్రీ దాకా ఆగమని మేనమామనే అడగండి, అతని ఎదుటే, ఆయన పెద్దరికాన్ని నిలబెడుతూ. వాయిదా దొరికితే చాలు. మేనరికపు పెళ్లిళ్లలో పుట్టే పిల్లలకు వచ్చే జబ్బుల గురించి ఆ రోజు మాట్లాడకండి. ఆ మాటకు వేరే రోజు ఉంది.

చట్టం మీ చేతిలో ఉండాలి, నోటి వెంట చివరికి రావాలి. బాల్య వివాహాల నిషేధ చట్టం, 2006 ప్రకారం ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండకుండా పెళ్లి చేయడం నేరం. చేసినవారికీ, చేయించినవారికీ, జరిపించినవారికీ రెండేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటాయి. పెళ్లి జరగకుండా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వును మీరి చేసిన పెళ్లి చెల్లదు. తేదీ ఖాయమైందని తెలిస్తే ఇక మాటలతో కాలయాపన చేయకుండా పిల్లల సహాయ నంబరు 1098కి, అత్యవసరమైతే 112కి ఫోను చేయండి. అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారికీ తహసీల్దారుకూ తెలియజేయండి. ఫోను చేసింది ఎవరో ఊళ్లో తెలియనక్కరలేదు. మీ సంఘంలో కూడా ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియనివ్వకండి.

అధికారులు వచ్చి, తండ్రి దగ్గర కాగితం రాయించుకుని వెళ్లాక పని అయిపోయిందనుకోవడం మేము చేసిన తప్పు. ఒక ఇంట్లో అలా రాసిచ్చిన పది రోజులకు పిల్లను పక్క జిల్లాలోని బంధువుల ఊరికి తీసుకుపోయి, అక్కడి గుడిలో పెళ్లి చేసేశారు. అప్పటి నుంచి కాగితం రాసిన ఇంటికి వారానికోసారి ఏదో ఒక వంకతో వెళ్తున్నాం: పాత ప్రశ్నపత్రం ఇవ్వడానికో, నువ్వుండలు ఇవ్వడానికో. మైనరుగా పెళ్లయిపోయిన అమ్మాయికి కూడా దారి మూసుకుపోదని గుర్తుంచుకోండి. 18 నిండాక రెండేళ్లలోపు ఆ పెళ్లిని రద్దు చేయమని ఆమె కోర్టును అడగవచ్చు, చదువునూ కొనసాగించవచ్చు.

బడి తెరిచాక

సెలవుల తరువాత బడి తెరిచిన మూడో రోజున మీ పుస్తకం పట్టుకుని ప్రధానోపాధ్యాయులనూ, హాస్టలు వార్డెన్లనూ కలవండి. మొదటి రెండు రోజులు పండుగ బద్ధకం వల్ల రానివారు ఉంటారు. మూడో రోజు కూడా రాలేదంటే ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లాలి. వారం ఆగితే "ఎలాగూ మానేసింది కదా" అన్న మాట వస్తుంది.

జనవరి 24 జాతీయ బాలికా దినోత్సవం. ఆ రోజు సభ పెట్టేకంటే లెక్కలు చెప్పండి: పిండివంటల మీద ఎంత వచ్చింది, కూలి ఎంత ఇచ్చారు, ఎంత మిగిలింది, ఎవరి ఫీజుకని కాకుండా ఎన్ని ఫీజులకు ఎంత కట్టారు. ఒక కాగితం మీద రాసి డ్వాక్రా భవనం గోడకు అతికించండి. రెండు రోజులకే గణతంత్ర దినం; గ్రామసభ జరిగే ఊళ్లలో జనవరి 3న పిల్లలు రాసిన కాగితాల్లో ఎక్కువమంది చెప్పిన ఒక్క సమస్యను, మలుపు దగ్గర వీధిదీపమో, బడిలో మరుగుదొడ్డి తాళమో, అర్జీగా ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకోండి.

ఇక మిగిలేది మాఘం. ఫిబ్రవరి అంతా పేర్ల పుస్తకం చూసే ఇద్దరు సభ్యులు ప్రతి ఆదివారం ఒకచోట కూర్చుని, సందేహం ఉన్న పేర్లు ఒక్కొక్కటీ చదువుకుంటూ, ఈ వారం ఎవరు చూశారు, హాల్‌టికెట్ వచ్చిందా, పరీక్ష కేంద్రానికి బస్సు ఉందా అని పక్కన రాసుకోవాలి. పదో తరగతి చివరి పరీక్ష అయిన సాయంత్రం కేంద్రం గేటు దగ్గర ఒకరు నిలబడి, బయటికి వచ్చిన ప్రతి పిల్ల పేరు పక్కనా గీత పెట్టుకోవాలి. గీత పడని పేర్లను ఆ రాత్రే కొత్త పేజీలోకి ఎక్కించి, జూన్‌లో బడులు తెరిచేదాకా చేయవలసిన పనిగా సంఘం ముందు పెట్టాలి.